ఒడ్డుపాలేనికి మైక్రోస్కోపు

మైకు ఉద్యోగం

నా ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన పేరు హెల్త్ ఎడ్యుకేటర్. మా ఇంట్లో పెట్టిన పేరు మైకు ఉద్యోగం. విశాఖపట్నంలో జిల్లా టీబీ ఆఫీసులో పనిచేశాను. జీపుకి మైకు కట్టుకుని పేటలూ పల్లెలూ తిరగడం, మూడు వారాలు దాటి దగ్గుంటే పరీక్ష చేయించుకోండని చెప్పడం, గోడల మీద రాయించడం, పోస్టర్లు అంటించడం, మీటింగులు పెట్టడం. జబ్బు సంగతి డాక్టర్లు చూస్తారు, మందులు నర్సులు ఇస్తారు, నేను మాట్లాడతాను, అంతే అనుకునేదాన్ని.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, కరపత్రం ఎలా రాయాలి?" అని అడుగుతుంటారు. కరపత్రాల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ప్రభుత్వం మాట జనానికి చెప్పడం ఈ పనిలో సగం. జనం మాట ప్రభుత్వం చెవిలో పడేలా చెయ్యడం మిగతా సగం. ఆ రెండో సగం నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. చేపలమ్మే ఒకావిడ, లేతు మీద పనిచేసే ఒకాయన, నా పై ఆఫీసరు, ఈ ముగ్గురూ కలిసి నేర్పారు. వాళ్ల గురించే రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాద్దామన్నా ఏమీ లేదు. ఒక్కటే వచ్చింది, అదీ రిటైరయ్యే ఏడు.

నా మొదటి ఉపన్యాసం

మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. మా ఆయనకి స్టీలుప్లాంటులో ఉద్యోగం రావడంతో తొంభైల మొదట్లో గాజువాకలో కాపురం పెట్టాం. నేనూ బదిలీ చేయించుకుని వచ్చాను. వచ్చిన కొత్తలోనే మా ఆఫీసరు డాక్టర్ లక్ష్మణమూర్తి గారు నన్ను సముద్రం ఒడ్డునున్న ఒక చేపల పల్లెకి పంపించారు. దాన్ని ఒడ్డుపాలెం అంటాను. అసలు పేరు వేరు. ఎందుకు మార్చానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

రెండు రోజులు కూర్చుని ఉపన్యాసం తయారుచేసుకున్నాను. వలలు ఆరేసిన చోట ఓ పక్కన జనం చేరారు. నేను మైకు పట్టుకుని, "క్షయ ఒక అంటువ్యాధి అండి. తెమడ పరీక్ష ద్వారా దీన్ని నిర్ధారిస్తారండి. కుటుంబ సభ్యులందరూ సహకరించాలండి" అంటూ పది నిమిషాలు దంచాను. అందరూ బుద్ధిగా విన్నారు. నాకు చాలా సంతోషం వేసింది.

అప్పుడు ముందు వరసలో ఖాళీ చేపల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్న ఒకావిడ లేచింది. నలభై ఏళ్లుంటాయి. పమిట నడుముకి చుట్టి దోపుకుంది.

"ఏటి సెప్తన్నావమ్మా నువ్వు? చెయ అంతావు, తెమడ అంతావు, సబ్యులంతావు. ఆలంతా ఎవులు? ఎక్కడోలు?"

జనం గొల్లుమన్నారు. నేను తడబడి, "దగ్గు జబ్బండి" అన్నాను.

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదేటి!" అని ఆవిడ జనం వైపు తిరిగింది. "ఒలె, ఇనండి. దగ్గు జబ్బు గురించి సెప్తన్నారంట. మూడు వారాలు దగ్గు తగ్గకపోతే కళ్లె డబ్బాలో ఊసి ఇయ్యాలంట. ఆలు సూసి సెప్తారంట. అంతేనేటమ్మా?"

"అంతేనండి," అన్నాను.

రెండు రోజులు నేను రాసుకున్నది ఆవిడ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. ఆవిడ పేరు నూకాలమ్మ.

అక్కడితో ఆగితే బాగుండేది. డబ్బాలో ఉమ్మి ఊస్తే పనికిరాదు, గుండెల్లోంచి దగ్గి తెచ్చిన కళ్లె కావాలి. అది ఎలాగో చూపిద్దామని మైకు ముందే లోపలికంటా ఊపిరి పీల్చి గట్టిగా దగ్గి చూపించాను. మైకులో ఆ దగ్గు సముద్రం దాకా వినపడి ఉంటుంది. తర్వాత చాలాకాలం నేను బస్సు దిగగానే పిల్లలందరూ వరసగా నిలబడి లోపలికంటా ఊపిరి పీల్చి దగ్గేవాళ్లు. ఆ ఊళ్లో నా పేరు సత్యవతి అని ఎవరికీ తెలీదు. దగ్గు మేడమ్ అనేవాళ్లు. మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత అర్థమైంది, ఊరంతటికీ కళ్లె ఎలా తియ్యాలో వచ్చేసింది. నా పోస్టర్లేవీ అంత పని చెయ్యలేదు.

పోస్టర్లంటే గుర్తొచ్చింది. ఒక పోస్టరు నేనే దగ్గరుండి వేయించాను. ఎముకల గూడులాంటి మనిషి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంటాడు. భయపడితేనే పరీక్షకి వస్తారని నా నమ్మకం. భయపడ్డారు, కానీ పరీక్షకి రాలేదు. గాజువాకలో మా డిస్పెన్సరీ గోడ మీద ఆ బొమ్మ చూసి దగ్గున్నవాళ్లు ఆ వీధిలోంచి నడవడమే మానేశారు. మూర్తి గారు ఒకరోజు ఆ పోస్టరు ముందు నిలబడి, "సత్యవతి గారూ, దీన్ని చూస్తే నాకే ఇంటికెళ్లిపోవాలనిపిస్తోంది" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. మర్నాడు నేనే వెళ్లి గీకేశాను.

మూడో నెల మందులు

నూకాలమ్మకి మా ఆఫీసు మీద కోపం. ఎందుకో తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది.

ఆవిడ భర్త టీబీతో పోయాడు. పాత రోజుల పద్ధతి వేరు. రోగికి నెలకి సరిపడా మాత్రలు చేతికిచ్చి పంపేవారు. వచ్చే నెల వస్తే స్టాకు ఉండొచ్చు, లేకపోవచ్చు. లేకపోతే "బయట కొనుక్కో" అనేవారు. వేటకెళ్తేనే పొయ్యి వెలిగే ఇల్లు, ఎక్కణ్ణించి కొంటారు? కాస్త దగ్గు తగ్గగానే మందు ఆగిపోయేది. కొన్నాళ్లకి జబ్బు రెట్టింపై తిరిగొచ్చేది. ఆవిడ భర్త విషయంలో అదే జరిగింది.

తర్వాత కొత్త పథకం వచ్చింది. రోగి పేరు రాసి, మొత్తం కోర్సుకి సరిపడా మందులు ఒకే పెట్టెలో పెట్టి డిస్పెన్సరీలో ఉంచేవారు. ఆ పెట్టె ఇంకొకరికి ఇవ్వకూడదు. రోగి వచ్చి మా మనిషి ఎదురుగా మాత్రలు మింగాలి. నేను చూసిన ప్రభుత్వ పథకాల్లో ఇంత తెలివైనది ఇంకోటి లేదు. ఒక మనిషి పేరు పెట్టి ప్రభుత్వం ఒక పెట్టె పక్కన పెట్టడమంటే మాటలు కాదు.

ఆ పథకం వచ్చిన కొత్తలోనే నూకాలమ్మకీ జబ్బు బయటపడింది. డిస్పెన్సరీలో తన పేరున్న పెట్టె చూపిస్తే చేత్తో తడిమింది. ఆవిడకి చదువు రాదు.

"ఇది నా పేరేనా?"

"నీదే."

"ఇంకెవులికీ ఇయ్యరు కదా?"

"ఇవ్వం."

"ఇదేదో మా ఆయనున్నప్పుడు ఎట్టుంటే ఏటి పోయింది మీకు?"

"నిజమే నూకాలమ్మా" అన్నాను. ఉద్యోగంలో నేనిచ్చిన మంచి జవాబుల్లో అదొకటి. తప్పు మనదైనప్పుడు వివరణ మొదలుపెట్టకండి.

ఆరు నెలలూ ఒక్క పూట తప్పకుండా వచ్చి మింగింది. బుట్ట నెత్తిన పెట్టుకునే వచ్చేది. నయమైంది. ఆ తర్వాత ఒడ్డుపాలెంలో ఎవరు దగ్గినా వాళ్ల గుమ్మంలో నూకాలమ్మ ప్రత్యక్షం. మేం జీతమివ్వలేదు, బ్యాడ్జీ ఇవ్వలేదు. "పద, బేగి పద" అని రెక్క పట్టుకుని తీసుకొచ్చేది.

నేను చేసిన తప్పు

సూర్రావు ఆటోనగర్లో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మిషను మీద ఇనుము చెక్కే పనివాడు. మంచి చెయ్యి అని పేరు. మాటలు తక్కువ. అతనికీ పెట్టె మందులతో పూర్తిగా నయమైంది. అతని చేత నేను చాలా గర్వంగా ఒక పని చేయించాను.

మార్చిలో టీబీ దినం వస్తుంది. ఆ ఏడు గాజువాకలో పెద్ద మీటింగు పెట్టాం. నయమైనవాళ్లు స్వయంగా మాట్లాడితే జనానికి నమ్మకం కుదురుతుందని, సూర్రావుని స్టేజీ ఎక్కమన్నాను. "నాకు రాదు మేడమ్" అన్నాడు. బతిమాలాను. "మీ వల్ల పదిమంది బాగుపడతారు" అన్నాను. నేను అతనికి మందులిప్పించిన మనిషిని, కాదనలేకపోయాడు. ఎక్కి, "నాకు టీబీ ఒచ్చింది, తగ్గిపోయింది, నమస్కారం" అని దిగిపోయాడు. చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఫోటో పడింది, కింద పేరు, పనిచేసే చోటు కూడా రాశారు. విలేకరికి ఆ వివరాలిచ్చింది నేనే.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం అతను మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మడతపెట్టిన పేపరు చేతిలో ఉంది.

"మేడమ్, మా ఓనరు రేపట్నుంచి రావొద్దన్నాడు."

"అదేంటి, మీకు తగ్గిపోయింది కదా!"

"తగ్గిపోయిందని నాను సెప్పినాను. పేపర్లో టీబీ అని ఉంది కదా అన్నాడు." పేపరు ఇంకో మడత పెట్టి, "మీ మీద కోపం నేదు మేడమ్. గాని నన్ను అడిగినప్పుడు నాను వద్దన్నాను కదా" అన్నాడు.

అతను గట్టిగా అరిచినా బాగుండేది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాను. వర్క్‌షాపు ఓనరు వెంకటరత్నం గారు మా గోదావరి వైపు మనిషే. మన వైపు మనిషి కదా, మాటంటే పడతాడని వెళ్లగానే దులిపేశాను. చదువుకున్నారు కదండీ, మానవత్వం లేదాండీ అని. నా రెండో తప్పు అది. పనివాళ్లందరి ముందూ అరిచేసరికి ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. "అందరూ ఒకే బిందెలో నీళ్లు తాగుతారమ్మా. నాకు పదకొండు మంది పనివాళ్లు. మీ ఉపన్యాసం మీ మీటింగులో చెప్పుకోండి" అన్నాడు.

ఆఫీసుకొచ్చి మూర్తి గారికి మొత్తం చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. సొరుగులోంచి వేయించిన శనక్కాయల పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. ఎవరైనా ఏడ్చేలా ఉంటే ఆయన చేసే పని అదే. "రెండు తప్పులు చేశారు. మొదటిది, అతన్ని మనకి కావలసిన పోస్టరులా వాడుకున్నారు. రెండోది, భయపడ్డవాడి మీద అరిచారు. పదండి, వెళ్దాం" అన్నారు.

ఆయన వెంకటరత్నం గారి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒకే ప్రశ్న అడిగారు. "మీ భయం సబబే. సూర్రావు సంగతి అలా ఉంచండి. ఈ షాపులో ఇంకా ఎవరికైనా దగ్గుందా?"

ఓనరు లోపలి గది వైపు చూశాడు. లోపల ఆయన తమ్ముడు బిల్లులు రాస్తున్నాడు. మేం వచ్చినప్పట్నుంచీ దగ్గుతూనే ఉన్నాడు.

లడ్డూల డబ్బా

షాపులో దగ్గున్న వాళ్లందరివీ కళ్లె డబ్బాలు తీసుకున్నాం. అసలు కథ ఇక్కడే మొదలైంది. ఆ రోజుల్లో మా వైపు ఎక్కడా మైక్రోస్కోపు లేదు. గాజువాక, ఆటోనగర్, ఒడ్డు పల్లెలు, ఇంత జనానికి పరీక్ష చెయ్యాలంటే ఊళ్లోకి, అంటే విశాఖ టౌనులోకి వెళ్లాలి. గాజువాకలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. ఒక్కో మనిషి మూడుసార్లు కళ్లె ఇవ్వాలి. రోజు కూలి వదులుకుని మూడుసార్లు ఎవరెళ్తారు? అందుకని డబ్బాలన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది నేనే బస్సులో తీసుకెళ్లేదాన్ని.

ఆ రోజు బస్సు కిటకిటలాడుతోంది. పెట్టెని ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాను. కండక్టరు చూసి, "ఏటి మేడమ్, లడ్డూలా? మాకో రెండు ఎట్టండి" అన్నాడు. "గవర్నమెంటు లడ్డూలు బాబూ, తినకూడదు" అన్నాను. పక్కనున్నావిడ మూత తీసి చూడబోయింది. నేను "టీబీ కళ్లె" అనగానే ఆ కిటకిటలాడే బస్సులో నా చుట్టూ నలుగురు పట్టేంత ఖాళీ ఏర్పడింది. మద్దిలపాలెం దాకా అంత హాయిగా ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

కానీ ఎండలో మగ్గి సగం డబ్బాలు పాడయ్యాయి. మళ్లీ తియ్యమన్నారు. మళ్లీ తీశాం. ఆ రోజు ల్యాబ్ టెక్నీషియన్ సెలవు. మూడోసారి తీశాం. ఓనరు తమ్ముడికి జబ్బుందని తేలేసరికి నెల దాటింది. ఆ నెలంతా అతను అదే గదిలో, అదే బిందె పక్కన దగ్గుతూ కూర్చున్నాడు. సూర్రావు పనిలేక ఇంట్లో కూర్చున్నాడు.

ఫలితం తెలిశాక వెంకటరత్నం గారు మా ఆఫీసుకొచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, "అయితే డాక్టరు గారూ, మా తమ్ముణ్ణి కూడా తీసెయ్యాలాండి?" అన్నారు.

"మీరే చెప్పండి," అన్నారు మూర్తి గారు.

ఆ సాయంత్రమే వెంకటరత్నం గారు సూర్రావు ఇంటికి స్వయంగా వెళ్లి మళ్లీ పనిలోకి రమ్మన్నారు. సూర్రావు వెంటనే ఒప్పుకోలేదు. పది రోజులు ఆలోచించుకుని అప్పుడు వెళ్లాడు. నాకది నచ్చింది.

సెలవు చీటీ

మా డిస్పెన్సరీకి మైక్రోస్కోపు, టెక్నీషియన్ కావాలని మూర్తి గారు అప్పటికే ఎన్నో ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. ఒకరోజు నేను, "ఇంకో రిమైండరు రాద్దామా అండి?" అంటే ఆయన నవ్వారు.

"కాగితానికి ఆకలెయ్యదు సత్యవతి గారూ. ఏ బల్ల మీద పెడితే ఆ బల్ల మీద పడుకుంటుంది. మనుషులైతే అలా పడుకోరు. సోమవారం మీరు సెలవు పెట్టండి."

"నాకు సోమవారం పనేమీ లేదండి."

"అందుకే పెట్టమంటున్నాను. ఎక్కడికెళ్తారో నేనడగను."

సోమవారం కలెక్టరు గారు జనం దగ్గర అర్జీలు తీసుకునే రోజు. ప్రభుత్వోద్యోగిగా నేను మా శాఖ మీద అర్జీ పెట్టకూడదు. కానీ సెలవులో ఉన్న గాజువాక గృహిణి కలెక్టరాఫీసు వరండాలో నిలబడితే తప్పేముంది?

నేను ఒడ్డుపాలెం వెళ్లి నూకాలమ్మకి సంగతి చెప్పాను. ఈసారి జాగ్రత్తగా మాట్లాడాను. "రావాలని లేదు. వస్తే మాట్లాడాలని కూడా లేదు. పేపరువాళ్లకి ఎవరి పేరూ ఇవ్వను" అన్నాను.

"ఎందుకు రాం?" అంది నూకాలమ్మ. "మా ఊరి కళ్లె నువ్వు బస్సులో మోత్తన్నావు. మాకు సిగ్గు కాదేటి?"

సోమవారం పొద్దున తొమ్మిది మంది వచ్చారు. అందరూ నయమైనవాళ్లే. సూర్రావు కూడా వచ్చాడు, అందరికంటే వెనక. "నాను మాట్లాడను మేడమ్. మనిషి లెక్కకి ఉంటాను" అన్నాడు.

మూడు గంటలు నిలబడ్డాక మా వంతు వచ్చింది. కలెక్టరు గారు కుర్రాడు, వేరే రాష్ట్రం ఆయన. తెలుగు శ్రద్ధగా నేర్చుకున్నారు, కానీ పుస్తకం తెలుగు. నూకాలమ్మ మొదలుపెట్టింది.

"బాబూ, మా ఆయన మందుల్లేక పోనేదు. రెండు నెల్లు మందులిచ్చినారు. మూడో నెల మందుల్లేక పోయినాడు. ఇప్పుడు మందులు పెట్టెలో ఎట్టినారు, మంచిదే. గాని జబ్బు ఉందో నేదో సూసే అద్దం ఊళ్లో ఉంది. మేము ఒడ్డున ఉన్నాము. అద్దం ఇటొచ్చేలోగా మడిసి అటెలిపోతన్నాడు."

కలెక్టరు గారు మూడొంతులు అర్థం కాక చుట్టూ చూశారు. "ఎవరైనా చెప్పగలరా?" వెనక దాక్కున్న నేను ముందుకి రాక తప్పలేదు. ఆవిడ చెప్పిందంతా పుస్తకం తెలుగులోకి మార్చి చెప్పాను. జీవితంలో నా గ్రాంథికం పనికొచ్చింది ఆ ఒక్కసారే. కలెక్టరు గారి పక్కనే మా వైద్యశాఖ పెద్దాఫీసరు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కళ్లు పెద్దవి చేశారు. "మీరు ఇక్కడేంటమ్మా?"

"సెలవులో ఉన్నానండి," అన్నాను.

కలెక్టరు గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. ఎందుకివ్వలేదని ఆఫీసర్ని అడిగారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మైక్రోస్కోపు మంజూరై ఏడాదైంది! డిస్పెన్సరీలో పెట్టడానికి తగిన గది లేదని ఎవరో రాశారు. అది జిల్లా స్టోరులో పెట్టెలోనే ఉంది. మాకెవరూ చెప్పలేదు. మేం అడుగుతున్న ఉత్తరాలు ఒక బల్ల మీద, గది కావాలన్న కాగితం ఇంకో బల్ల మీద. రెండు బల్లలూ ఒకే హాల్లో ఉన్నాయి.

"గది బాగుచేసి చూపించండి. మర్నాడు యంత్రం వస్తుంది, మనిషి కూడా," అన్నారు కలెక్టరు గారు. "మున్సిపాలిటీకి ఇప్పుడే రాస్తాను."

మెట్లు దిగుతుంటే నూకాలమ్మ, "ఏటన్నాడు?" అని అడిగింది. చెప్పాను. "అయితే ఉన్నదాన్నే దాసీసినారా!" అని నడి మెట్ల మీద నిలబడి నవ్వింది. కోపం రావాల్సిన చోట ఆవిడకి నవ్వొచ్చేది. ఆ నవ్వు చూసి మేమంతా నవ్వాం.

గది

ఈ పనిలోకొచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడుంది. ప్రభుత్వం డబ్బు మంజూరు చెయ్యడం వేరు, ఆ డబ్బుతో కొన్నది రోగి దగ్గరకి చేరడం వేరు. అడిగేవాళ్లు చాలామంది మొదటిదానితో పండగ చేసుకుని ఇంటికెళ్లిపోతారు. నిధులు వచ్చాయని పేపర్లో చదివితే నాకు సగం సంతోషమే. అవి ఏ గదిలో ఆగాయో కనుక్కోవడానికి ఒక మనిషి ఉండాలి.

గది అంటే డిస్పెన్సరీ వెనక సామాన్ల కొట్టు. కిటికీకి రెక్కల్లేవు, నీళ్ల కుళాయి లేదు, మైక్రోస్కోపు కదలకుండా పెట్టే బల్ల లేదు. మున్సిపాలిటీ మనిషి వచ్చి కొలిచి వెళ్లాడు. నెల గడిచింది. రెండోసారి ఇంకో మనిషి వచ్చి మళ్లీ కొలిచాడు. కొట్టు అంతే ఉంది, పెరగలేదు.

ఒక ఆదివారం సూర్రావు ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వెల్డింగు సామాను ఆటోలో తెచ్చారు. వెనకే వెంకటరత్నం గారు స్కూటరు మీద. ఇనుము ఆయన షాపుదే. మూడు ఆదివారాలు పనిచేశారు. కిటికీకి గ్రిల్లు, గోడకి బిగించిన ఇనుప బల్ల, స్లైడ్లు కడిగే సింకు. బల్ల మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి, పక్కన గెంతి చూపించాడు సూర్రావు. చుక్క తొణకలేదు. ఒడ్డుపాలెం ఆడవాళ్లు వచ్చి సున్నం వేశారు.

ప్రభుత్వం చెయ్యాల్సిన పని జనం చేతులతో చేయించుకోవడం గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం కాదు. మూర్తి గారు కూడా మున్సిపాలిటీని వదల్లేదు, కుళాయి, కరెంటు పని వాళ్ల చేతే చేయించారు. కానీ ఆ గది గోడల మధ్య ఒక మంచి సంగతి జరిగింది. పనిలోంచి తీసేసినాయన, తీసేయించుకున్నాయన ఒకే రేకుని చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు.

ప్రారంభానికి దాతల పేర్లు రాయిద్దామని నేనంటే సూర్రావు తలూపలేదు. "నా పేరు వద్దు మేడమ్." ఈసారి ఒక్కసారి చెప్తే సరిపోయింది. అందుకే ఇక్కడ అతని పేరుతో పాటు ఊరి పేరు కూడా మార్చి రాశాను.

ఆ తర్వాత అంతా సుఖంగా సాగిందని అనుకోకండి. ఏడాదిన్నరకి టెక్నీషియన్ని బదిలీ చేశారు, కొత్త మనిషిని వెయ్యలేదు. మళ్లీ సోమవారం, మళ్లీ నా సెలవు చీటీ, మళ్లీ వరండా. ఈసారి నూకాలమ్మ నన్ను రానివ్వలేదు. "నువ్వు ఆపీసుకెల్లు. మాకు తోవ తెలుసు" అంది. పదిహేను మందితో వెళ్లి టెక్నీషియన్ని సాధించుకొచ్చింది. నా ఉద్యోగంలో అంతకంటే పెద్ద ప్రమోషను నాకు రాలేదు.

అద్దంలో కనపడేది

మొదటి రోజు గురించి చెప్పి ఆపేస్తాను.

మైక్రోస్కోపు వచ్చి బల్ల మీద కూర్చుంది. టెక్నీషియన్ శారద అని కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. రంగులు వేసి, స్లైడు కడిగి, ఆరబెట్టి, గంటసేపు కళ్లు ఆనించి చూసింది. తలెత్తి, "మేడమ్, దొరికాయి" అంది. ఎవరిదో చెప్పలేదు, నేనూ అడగలేదు. "చూస్తారా?"

అప్పుడు తట్టింది. ఎన్నో ఏళ్లుగా ఈ క్రిమి గురించి మైకులో అరుస్తున్నాను. బొమ్మలు వేయించాను, గోడల మీద రాయించాను. ఒక్కసారి కూడా దాన్ని కళ్లతో చూడలేదు.

కన్ను ఆనించాను. లేత నీలం రంగు. అందులో అక్కడక్కడ సన్నటి ఎర్ర గీతలు. ఎవరో ఎర్ర సిరా పెన్నుతో చిన్న చిన్న పుల్లలు గీసినట్టు. అందంగా కూడా ఉన్నాయి.

గుమ్మంలో నిలబడ్డ నూకాలమ్మ, "నాను సూడొచ్చా?" అంది. శారద నా వైపు చూసింది. నేను పక్కకి జరిగాను.

ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, ఒంగి చూసింది. చాలాసేపు కదల్లేదు. భర్త గుర్తొచ్చి ఏడుస్తుందేమోనని నేను భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. ఆవిడ తలెత్తింది. మొహంలో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది, దానికంటే ఎక్కువగా చిరాకుంది.

"ఓలమ్మా, ఇంతేనా ఇది? సీమ కాలంత నేదు. దీనికేటి మనం ఇన్నాళ్లు బయపడి సచ్చింది!"

గుమ్మం బయటికెళ్లి చెయ్యూపి గట్టిగా కేకేసింది. "ఒలె, అందరూ రండి. బేగి రండి. ఇది సూస్తే మీకు బయం పోతాది."

లెన్సు పాడవుతుందని శారద గోల. నేను ఆమె చేతికి శనక్కాయలిచ్చి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం దాకా ఒడ్డుపాలెం ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఒక కన్ను మూసుకుని, ఆ ఎర్ర గీతల్ని చూసి, ముక్కు మీద వేలేసుకుని నవ్వుకుంటూ వెళ్లారు. ఆ రోజు పరీక్షకని ఏడుగురు తమంతట తామే డబ్బాలు అడిగి పట్టుకెళ్లారు. నేను మైకు తియ్యలేదు.